గేదె తేన్పులో పోతున్నది ఎవరి సొమ్ము?

సాయంత్రం పాలు తీయడం అయ్యాక మా గేదె చావిట్లో పడుకుని నెమరు మొదలుపెడుతుంది. దాని మెడ కింద జాగ్రత్తగా చూస్తే ఒక ముద్ద కిందినుంచి పైకి పాకుతూ రావడం కనిపిస్తుంది. ముద్ద నోట్లోకి రాగానే దవడ పక్కకు తిరగడం మొదలవుతుంది. నలభై, యాభై, ఒక్కోసారి అరవై సార్లు నములుతుంది. తర్వాత గుటుక్కున మింగి రెండు మూడు సెకన్లు ఊరుకుంటుంది. మళ్లీ ఇంకో ముద్ద. ఈ మధ్యలో, నిమిషానికో రెండు నిమిషాలకో, పెద్దగా చప్పుడు లేని తేన్పు ఒకటి వస్తుంది. పక్కనే పీట వేసుకుని కూర్చుంటే పులిసిన కుడితి వాసన ముఖానికి తగులుతుంది.

తెనాలి అవతల, డెల్టాలో మా ఊరు. అమ్మకు రెండు గేదెలు, ఒక పెయ్య. నేను విజయవాడలో ఉద్యోగం చేసుకుంటూ శనాదివారాలు ఊరికి పోతుంటాను. ఆ తేన్పు గురించి ప్రపంచమంతా మాట్లాడుకుంటోందని తెలిసినప్పటి నుంచి నేను దాన్ని వేరేగా చూస్తున్నాను.

అందులో భూమిని వేడెక్కించే మీథేన్ అనే వాయువు ఉంటుంది. ఆ పులిసిన వాసన మాత్రం మీథేన్‌ది కాదు, పొట్టలో తయారయ్యే ఆమ్లాలది. మీథేన్‌కు వాసన ఉండదు. పశువుల మీథేన్ వెనకవైపు నుంచి వస్తుందని చాలామంది అనుకుంటారు, పత్రికల్లో బొమ్మలు కూడా అలాగే వేస్తారు. నిజానికి తొంభై శాతానికి పైగా నోటి గుండానే పోతుంది. వందేళ్ల లెక్కన చూస్తే ఒక కిలో మీథేన్ సుమారు 28 కిలోల కార్బన్ డయాక్సైడ్ చేసేంత వేడి పుట్టిస్తుంది. ఇరవై ఏళ్ల లెక్కన అది 80 రెట్ల దాకా పోతుంది. కాకపోతే కార్బన్ డయాక్సైడ్‌లా వందల ఏళ్లు గాలిలో ఉండదు, పన్నెండేళ్లలో చాలావరకు కరిగిపోతుంది. అంటే ఇవాళ తగ్గిస్తే ఫలితం మన పిల్లలు పెద్దయ్యేలోపే కనిపిస్తుంది. 2021లో గ్లాస్గోలో చాలా దేశాలు కలిసి, 2030 నాటికి మీథేన్‌ను 2020 స్థాయి మీద 30 శాతం తగ్గిస్తామని ఒప్పుకున్నది ఇందుకే. ఆ ఒప్పందంలో మన దేశం చేరలేదు. మన దగ్గర పశువులు, వరి రెండూ చిన్న రైతుల బతుకుతెరువు కాబట్టి.

చేరకపోవడం సరైనదే అని నా అభిప్రాయం. మా అమ్మ రెండు గేదెల మీద ఏ దేశమూ లెక్క రాయడానికి వీల్లేదు. అయితే ఆ మాటతో మనం ఊరుకుంటున్నాం చూడండి, అక్కడే రైతుకు అన్యాయం జరుగుతోంది. మీథేన్ గురించి మాట్లాడితే అదేదో పాశ్చాత్యుల గొడవ అని కొట్టిపారేసేవాళ్లు ఒకవైపు, పాలు మానేయండి అని పట్నంలో కూర్చుని చెప్పేవాళ్లు ఇంకోవైపు. ఇద్దరిలో ఎవరూ గాడిలోకి తొంగి చూడరు. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఆ తేన్పులో పోయేది రైతు డబ్బు పెట్టి కొన్న మేత. దాన్ని ఆపాలంటే ముందు ఆ మేతను బాగుచేయాలి. అది చేస్తే మొదట బాగుపడేది రైతే.

లోపల ఏం జరుగుతుందో కొంచెం చెబుతాను, మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది. గేదెకు నాలుగు అరల పొట్ట. అందులో మొదటిదైన పెద్ద పొట్టలో, డాక్టర్లు రూమెన్ అనేదానిలో, నిండు గేదెకైతే వంద లీటర్లకు అటూఇటూగా పడుతుంది. దోసెల పిండి రాత్రంతా పులిసినట్టు అక్కడ మేత ఇరవై నాలుగు గంటలూ పులుస్తూనే ఉంటుంది. పులియబెట్టేవి కోట్లకు కోట్ల సూక్ష్మజీవులు. మనం గడ్డి తింటే అరగదు, గేదెకు అరుగుతుంది అంటే ఆ పుణ్యం వాటిదే. అవి పీచును విడగొట్టి కొన్ని ఆమ్లాలు తయారుచేస్తాయి. ఆ ఆమ్లాలే గేదెకు బలం, పాలు, వెన్న. ఈ పనిలో హైడ్రోజన్ మిగిలిపోతుంది. అది పేరుకుపోతే పులియడమే ఆగిపోతుంది. అందుకని ఇంకో రకం జీవులు ఆ హైడ్రోజన్‌ను కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మీథేన్‌గా మారుస్తాయి. గేదె దాన్ని తేన్చి బయటికి పంపుతుంది. కాబట్టి మీథేన్ రావడం జబ్బేమీ కాదు. గడ్డిని పాలుగా మార్చే యంత్రానికి అది పొగగొట్టం లాంటిది.

పొగ ఎంత వస్తుందన్నది మాత్రం పొయ్యిలో పెట్టే కట్టె మీద ఆధారపడుతుంది. ముదురు పీచు ఎక్కువైతే అసిటేట్ అనే ఆమ్లం ఎక్కువ తయారవుతుంది, హైడ్రోజన్ ఎక్కువ మిగులుతుంది, మీథేన్ పెరుగుతుంది. పిండిపదార్థం, అంటే మొక్కజొన్న లాంటివి, ఉంటే ప్రొపియోనేట్ అనే ఇంకో ఆమ్లం ఎక్కువగా తయారవుతుంది. అది హైడ్రోజన్‌ను తనలోకే తీసుకుంటుంది, అప్పుడు మీథేన్ తగ్గుతుంది. లేత పచ్చిగడ్డి, పప్పుజాతి రొట్ట అయితే తొందరగా అరిగి పొట్టలోంచి త్వరగా కదిలిపోతాయి కాబట్టి కిలో మేతకు వచ్చే మీథేన్ తక్కువ. ఎండు వరిగడ్డి రోజంతా పొట్టలో నానుతూ కూర్చుంటుంది. దాంట్లో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లే. పైగా సిలికా ఎక్కువ. సగానికి సగం అరగదు.

వాతావరణ లెక్కలు కట్టే అంతర్జాతీయ సంఘం, ఐపీసీసీ, 2006లో ఇచ్చిన సూత్రాల ప్రకారం మన ప్రాంతపు గేదె ఏడాదికి సుమారు 55 కిలోల మీథేన్ వదులుతుంది. 55 కిలోల మీథేన్‌లో ఉండే శక్తి మనం వంటింట్లో వాడే 14.2 కిలోల గ్యాస్ సిలిండర్లు నాలుగింటిలో ఉండేంత. ఒక గేదెకు ఏడాదికి నాలుగు సిలిండర్లు! ఆ నాలుగు సిలిండర్ల గ్యాసూ రైతు కొన్న గడ్డి, తవుడు, చెక్కలోంచి వచ్చిందే. మేతలోని మొత్తం శక్తిలో ఆరేడు శాతం ఇలా గాలిలో కలిసిపోతుంది. మొత్తం ఆపలేం, ఆపకూడదు కూడా. అందులో కొంత ఆపగలం.

అదే సూత్రాల్లో ఇంకో పోలిక ఉంది. ఉత్తర అమెరికా పాడి ఆవు ఏడాదికి 128 కిలోల మీథేన్ వదులుతుంది, 8400 కిలోల పాలిస్తుంది. మన ఉపఖండపు పాడి ఆవు 58 కిలోలు వదులుతుంది, 900 కిలోల పాలిస్తుంది. తలకు ఎంత అని చూస్తే వాళ్ల ఆవు మన ఆవుకు రెట్టింపు. కిలో పాలకు ఎంత అని చూస్తే వాళ్లది 15 గ్రాములు, మనది 64 గ్రాములు. మన దగ్గర ఈ విషయం మాట్లాడే ప్రతివాడూ తన వాదనకు పనికొచ్చే అంకె ఒకటి పట్టుకుని రెండోది దాచేస్తాడు. నేను రెండూ పెడుతున్నాను. ఎందుకంటే రెండూ నిజమే.

ఆ 64 గ్రాముల అంకెలో అన్యాయం కూడా ఉంది. మన పశువు తినేది మనిషికి పనికిరానిది. వరి కోశాక మిగిలిన గడ్డి, మర ఆడించగా వచ్చిన తవుడు, నూనె తీయగా మిగిలిన చెక్క. అమెరికాలో ఆవు కోసమే ప్రత్యేకంగా మొక్కజొన్న పండిస్తారు. ఆ పొలానికి వేసే యూరియా నుంచి నైట్రస్ ఆక్సైడ్ అనే ఇంకా ఘాటైన వాయువు వస్తుంది. మన పశువు పాలతోపాటు పేడ ఇస్తుంది, ఎద్దయితే దుక్కి దున్నుతుంది. మొత్తం పాపం పాల మీదే వేయడం సరికాదు. ఇంకో సంగతి. మా డెల్టాలో గడ్డి గేదెకు వేయకపోతే ఏమవుతుంది? తగలబెడతారు, లేదా నీళ్లు నిలిచిన దమ్ములో తొక్కేస్తారు. తగలబెడితే పొగ. నీళ్లలో తొక్కితే అక్కడా మీథేనే పుడుతుంది. గడ్డి గేదె కడుపులోకి పోతే కనీసం చెంబెడు పాలైనా ఇస్తుంది.

ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా ఆ నాలుగు రెట్ల తేడా పూర్తిగా పోదు. అందులో చాలా భాగం మేత తేడాయే. గేదెకు ముందు బతకడానికి కొంత మేత కావాలి. పాలిచ్చినా ఇవ్వకపోయినా ఆ మేత తింటుంది, దానికి సరిపడా తేన్పులు వస్తాయి. ఆ పైన తిన్నదే పాలవుతుంది. రోజుకు మూడు లీటర్లిచ్చే గేదె ఆ బతుకు ఖర్చును మూడు లీటర్ల మీద పంచుతుంది, ఆరు లీటర్లిచ్చేది ఆరింటి మీద పంచుతుంది. వట్టిపోయి ఏడాదిపాటు ఎదకు రాని గేదె అయితే సున్నా మీద. మన దగ్గర పెయ్యలు నాలుగేళ్లు దాటితేగానీ తొలిచూలు ఈనవు. ఈతకు ఈతకు మధ్య ఏడాదిన్నర పట్టేవి బోలెడు. ఆ ఎదురుచూపుల కాలమంతా తేన్పులే, పాలు లేవు. దానికి ఒక పెద్ద కారణం ఖనిజాలు, మాంసకృత్తులు తక్కువ కావడం. పశువుల మీథేన్ గురించి రాసేవాళ్లు ఈ వట్టిపోయిన కాలాన్ని ఎప్పుడూ సరిగా పట్టించుకోరు. నా మట్టుకు నాకు అసలు కథంతా అక్కడే ఉందనిపిస్తుంది.

2016లో మా ఊరికి ఒక కుర్రాడు వచ్చేవాడు. పక్క ఊరివాడే, ఇంటర్ చదివాడు. జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ 2012 నుంచి 2019 దాకా జాతీయ పాడి పథకం నడిపింది. అందులో భాగంగా సమతుల దాణా కార్యక్రమం ఒకటి ఉండేది. ఊరికొక మనిషికి శిక్షణ ఇచ్చి, చేతికి ఒక చిన్న కంప్యూటరు ఇచ్చి ఇంటింటికీ పంపారు. అతను వచ్చిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. ముందు గేదె ముందుకాళ్ల వెనక టేపు చుట్టి ఛాతీ కొలత తీసుకున్నాడు, దాన్నిబట్టి బరువు లెక్కగట్టాడు. అమ్మ రోజూ వేసే గడ్డిని గంపలో పెట్టించి కాటా వేశాడు. తవుడు డబ్బాతో కొలిచాడు. పాలెన్ని, వెన్న శాతం ఎంత, ఈని ఎన్నాళ్లయింది, చూడా కాదా, అన్నీ అడిగాడు. అన్నీ నొక్కాడు. కాసేపు చూసి,

"అత్తా, తవుడు మరీ ఎక్కువైపోతోంది. చెక్క చాల్లేదు. మినరల్ మిక్చర్ అసలే లేదు," అన్నాడు.

అమ్మకు కోపం వచ్చింది. "ముప్పై ఏళ్లనుంచి గొడ్లను మేపుతున్నాను నాయనా. తవుడెక్కువేస్తే పాలు తగ్గుతాయా?"

"తగ్గవత్తా. డబ్బులు దండగ. దానికి కావాల్సింది ఇంకోటి, మీరిచ్చేది ఇంకోటి."

అతను చెప్పింది వింటే చాలా చిన్న మార్పు. రోజుకు మూడున్నర కిలోల తవుడును రెండు కిలోలకు తగ్గించి, వేరుశనగ చెక్క ఒక కిలోకు పెంచాలి. వంద గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం కలపాలి. ఎండుగడ్డి రెండు కిలోలు తగ్గించి ఆ స్థానంలో పచ్చిగడ్డి వేయాలి. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. మా గేదె ఏళ్ల తరబడి ఒక కాలు కుంటుతూ నడిచినట్టు బతుకుతోందన్నమాట. చెక్కలోని మాంసకృత్తులు ముందు పొట్టలోని సూక్ష్మజీవులకు ఆహారం. అవి కడుపునిండా తింటే గడ్డిని కూడా బాగా విరగ్గొడతాయి. అవి పస్తుంటే గడ్డి నానుతూ కూర్చుంటుంది, మీథేన్ పుడుతూ ఉంటుంది. గేదెకు మేత వేయడమంటే ఆ జీవులకు వేయడమే అని ఆ కుర్రాడే చెప్పాడు. అప్పటిదాకా నాకు ఎవరూ అలా చెప్పలేదు.

అమ్మ పదిహేను రోజులు బెట్టు చేసి, తర్వాత ఒక గేదెకు మాత్రం అతను చెప్పినట్టు వేసింది. నెల తిరిగేసరికి పాల కేంద్రం చీటీల్లో తేడా కనబడింది. పూటకు పావు లీటరు పైన పెరిగాయి, వెన్న రెండు పాయింట్లు పెరిగింది. అంతకన్నా అమ్మకు నచ్చింది, దాణా ఖర్చు తగ్గడం. ఆ గేదె తర్వాతి ఈతలో మూడో నెలకే ఎదకొచ్చింది. రెండో గేదెకు అడగకుండానే మార్చేసింది.

ఆ కార్యక్రమాన్ని మీథేన్ కోసం మొదలుపెట్టలేదు. రైతు ఆదాయం కోసం మొదలుపెట్టారు. కానీ పశువుల మెడకు చిన్న గొట్టాలు, డబ్బాలు తగిలించి ఊపిరిని పట్టి కొలిచి చూస్తే, సమతుల దాణా తిన్న పశువుల్లో కిలో పాలకు వచ్చే మీథేన్ పది నుంచి పదిహేను శాతం దాకా తగ్గిందని తేలింది. కొత్త మందు లేదు, దిగుమతి లేదు. ఉన్న చెక్క, ఉన్న తవుడు, ఒక గుప్పెడు ఖనిజాలు, ఒక టేపు, ఒక కాటా.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేసి మాట్లాడితే రైతు మన మాట వినడు. మా దగ్గర గేదె పాలకు ధర కట్టేది వెన్నను బట్టి. కిలో ఫ్యాట్‌కు ఇంత అని రేటు. వెన్న ఎక్కడినుంచి వస్తుంది? అందులో చాలా భాగం ఆ అసిటేట్ నుంచే. అంటే మీథేన్‌ను పెంచే పీచే వెన్నను కూడా పెంచుతుంది. అమెరికా పద్ధతిలో గడ్డి తగ్గించి మొక్కజొన్న పిండి దండిగా పెడితే మీథేన్ తగ్గుతుంది, నిజమే. దాంతోపాటు వెన్న కూడా పడిపోతుంది, రైతు చీటీలో డబ్బు తగ్గుతుంది. ఇంకా ఎక్కువ పెడితే పొట్టలో పులుపు పెరిగి గేదె మేత మానేస్తుంది, కాళ్లు పడిపోయే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి గింజలు పెట్టండి అనే సలహా మన గేదెకు పనికిరాదు. పీచు ఉండాలి. ఆ పీచు లేతగా, అరిగేదిగా ఉండాలి. నలభై ఐదు రోజులకు కోసిన నేపియర్ గడ్డికీ మూడు నెలలు ముదరబెట్టి కోసిన నేపియర్‌కూ పేరొక్కటే, మేత వేరు. మొక్కజొన్నను పాలకంకి దశలో కోసి వేసిన పాతర గడ్డి ఎండు చొప్ప కన్నా ఎంతో మేలు. మినుము నూర్చాక వచ్చే పొట్టు, కంది పొట్టు, వేరుశనగ కట్టె వరిగడ్డితో కలిపి వేస్తే గడ్డి విలువే మారిపోతుంది.

పప్పుజాతి రొట్ట గురించి మా డెల్టాకు ఎవరూ పాఠం చెప్పాల్సిన పనిలేదు, ఒకప్పుడు. మా నాన్న వరి కోయడానికి వారం పది రోజుల ముందు తడి చేలో పిల్లిపెసర, జనుము చల్లేవాడు. కోత అయ్యేసరికి కొయ్యకాళ్ల మధ్య మొలకలు పచ్చగా లేచేవి. మాఘం, ఫాల్గుణాల్లో గొడ్లన్నీ అక్కడే. కొంత కోసి ఎండబెట్టి వాము వేసేవాళ్లు. వరిగడ్డి ఒక వరస, పిల్లిపెసర ఒక వరస. ఆ వాములోంచి లాగిన గడ్డికి ఉండే వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎండిన ఆకుల తియ్యటి వాసన. గేదె ముట్టె పెట్టి పచ్చటి ఆకులన్నీ ముందు ఏరుకుని తినేది. శాస్త్రవేత్తలు ఇప్పుడు చెప్పే పప్పుజాతి మేత కలపడం అంటే అచ్చంగా అదే. తర్వాత ఆ చేలల్లో మినుము వచ్చింది, మొక్కజొన్న వచ్చింది. వాటి మీద చేతికి డబ్బు వస్తుంది, రైతును తప్పుపట్టలేం. వరికోత మిషను వచ్చాక గడ్డి కూడా నలిగి, ముక్కలై, చెల్లాచెదురై పోతోంది. కట్టలు కట్టే మిషనుకు మళ్లీ డబ్బు పెట్టాలి. మా ఊళ్లో వాములు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. పాడి ఉన్నవాళ్లకు కూడా మేత కొనుక్కునే గతి పట్టింది. కొనేటప్పుడు చవకైనదే కొంటారు. చవకైనదేమో ముదురు గడ్డి.

ఎండుగడ్డిని బాగుచేసే పద్ధతి ఒకటి ఎప్పటినుంచో ఉంది. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను నీళ్లలో కరిగించి చల్లి, పట్టా కప్పి, గాలి దూరకుండా మూడు వారాలు మాగబెట్టాలి. పీచు మెత్తబడుతుంది, మాంసకృత్తుల విలువ పెరుగుతుంది. నలభై ఏళ్లుగా పశువైద్యులు చెబుతూనే ఉన్నారు. మేం ఒకసారి చేశాం. మూడు వారాల తర్వాత పట్టా ఎత్తగానే అమ్మోనియా ఘాటుకు కళ్లలో నీళ్లు కారాయి. ఒక మూల పట్టా సరిగా బిగించక గాలి దూరి బూజు పట్టింది, అంత మేరా పారేశాం. మిగతాది ఆరబెట్టి వేస్తే గేదెలు రెండు రోజులు మొహం తిప్పుకుని, మూడో రోజు తిన్నాయి. తిన్నాక బాగానే ఉంది. కానీ అమ్మకు అరవై ఏళ్లు. ఆ నీళ్లు మోయడం, చల్లడం, తొక్కడం ప్రతి మూడు వారాలకూ ఎవరు చేస్తారు? పొరపాటున యూరియా పశువు నోటికి నేరుగా అందితే ప్రాణమే పోతుందన్న భయం ఒకటి. పద్ధతి మంచిదే. ఆ చాకిరీ ఎవరు చేస్తారన్న ప్రశ్నను మాత్రం దాన్ని కనిపెట్టినవాళ్లు వేసుకోలేదు. ఊరందరికీ కలిపి ఒకచోట చేసి అమ్మే ఏర్పాటు ఉంటే నడిచేదేమో.

ఇప్పుడు ప్రపంచం మాట్లాడుతున్నదంతా మందుల గురించి. 3-ఎన్ఓపీ అనే పదార్థం ఉంది, బోవేర్ పేరుతో అమ్ముతారు. రోజుకు చిటికెడు కలిపితే పాడి ఆవుల్లో మీథేన్ సుమారు 30 శాతం తగ్గుతుంది. యూరప్‌లో 2022లో, అమెరికాలో 2024లో దారి దొరికింది. ఎర్రటి సముద్రపు నాచు ఇంకొకటి, ఆస్పరగాప్సిస్. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో మాంసపు కోడెల మీద పరీక్షిస్తే, గింజల దాణా ఎక్కువున్నప్పుడు 80 శాతం దాకా తగ్గింది. చదివినప్పుడు నాకూ ఆశ కలిగింది. తర్వాత మా చావిట్లో పెట్టి ఊహించుకున్నాను. 3-ఎన్ఓపీ పొట్టలో కొద్ది గంటలే పనిచేస్తుంది, అందుకని ప్రతి ముద్దలోనూ కలిసి ఉండాలి. గడ్డీ దాణా అన్నీ మిషనులో కలిపి రోజంతా ముందు పెట్టే పెద్ద డెయిరీలకు అది కుదురుతుంది. పొద్దున కాసేపు గట్ల మీద మేసి, పాలు తీసేటప్పుడు మాత్రమే దాణా తినే గేదెకు ఎలా కుదురుతుంది? నాచులో పనిచేసే బ్రోమోఫాం అనే పదార్థం ఆరబెట్టి నిలవ ఉంచితే ఎగిరిపోతుంది, పైగా పాలలోకి వస్తుందేమోనన్న సందేహాలున్నాయి.

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి ఇంకోటి. మీథేన్ ఆగినంత మాత్రాన ఆ మిగిలిన శక్తి పాలుగా మారుతుందన్న నమ్మకం లేదు. చాలా పరీక్షల్లో పాలు చెప్పుకోదగ్గంత పెరగలేదు. అంటే రైతు మందు కొనాలి, లాభం భూమికి. డెన్మార్క్ 2030 నుంచి పశువుల వాయువుల మీద పన్ను వేయాలని 2024లో నిర్ణయించుకుంది, అక్కడ రైతుకు మందు కొనడానికి ఒక కారణం ఉంటుంది. న్యూజిలాండ్ అలాంటి ఆలోచనే 2003లో ఒకసారి, 2022లో ఇంకోసారి చేసి, రైతులు రోడ్డెక్కేసరికి రెండుసార్లూ వెనక్కు తగ్గింది. వందల ఆవులున్న రైతులే మోయలేమన్న బరువు రెండు గేదెల మనిషి మీద పెట్టమని అడగడానికి ఎవరికీ నోరు రాకూడదు.

మన బెంగళూరులోని జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ వాళ్లు చేసిన హరిత్ ధార మీద నాకు ఎక్కువ ఆశ ఉంది. టానిన్లు, అంటే చింతపిక్క పొట్టు నాలుక మీద పెట్టుకుంటే వగరుగా తగిలే పదార్థాలు, ఉన్న మొక్కల నుంచి దాన్ని తయారుచేశారు. మీథేన్ 17 నుంచి 20 శాతం తగ్గుతుందని ఆ సంస్థ చెప్పింది. ఇక్కడి చెట్ల నుంచి, ఇక్కడి గేదెకు. సుబాబుల్ ఆకులోనూ టానిన్లున్నాయి, మాంసకృత్తులూ ఉన్నాయి. మన జిల్లాల్లో కాగితం మిల్లులకు కలప కోసం వేల ఎకరాల్లో వేశారు. ఆ ఆకును మితంగా, మేతలో మూడో వంతు మించకుండా వేస్తే మంచి మేత. మించితే వెంట్రుకలు ఊడతాయి, మైమోసిన్ అనే విషం వల్ల. ఇవన్నీ మంచివే. కానీ ఖనిజ మిశ్రమం కూడా అందని గేదెకు టానిన్ కలపడం, పునాది లేకుండా మిద్దె మీద రంగు వేయడమే అవుతుంది.

నన్ను ఒక స్నేహితుడు నిలదీశాడు. కిలో పాలకు మీథేన్ తగ్గితే సరే, పాలు లాభమైతే ఇంకో గేదెను కొంటారు కదా, మొత్తం తగ్గదు కదా అన్నాడు. న్యాయమైన ప్రశ్న. లీటరు లెక్క బాగుపడినా మొత్తం పెరగవచ్చు. నా జవాబు మా ఊరిని చూసి చెప్పేదే. మాకు ఇంకో గేదెను కట్టేయడానికి చోటు లేదు, మేత లేదు, పేడ తీసే మనిషి లేడు. 2019 పశుగణనలో ఆంధ్రప్రదేశ్‌లో గేదెలు సుమారు 62 లక్షలు, అంతకుముందు గణన కన్నా తక్కువ. పాడి మానేసేవాళ్లే తప్ప పెంచేవాళ్లు ఊళ్లలో తక్కువ. మూడు గేదెల పాలు రెండు గేదెలే ఇస్తే మూడోది వద్దనుకునేవాళ్లే ఎక్కువ. దేశమంతా ఇలాగే ఉంటుందని నేననను. పెద్ద డెయిరీలు పెరిగేచోట ఆ ప్రశ్న అడగాల్సిందే.

నాకు బాధ కలిగించేది వేరే ఉంది. ఒంగోలు గిత్త వంశం బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో కోట్లలో పెరిగింది. దాని కోసం అక్కడ పచ్చిక జాతులు, మేత పద్ధతులు, వానలు లేని కాలంలో ఇచ్చే ఖనిజ దాణా మీద దశాబ్దాల పరిశోధన జరిగింది. పుట్టిన గడ్డ మీద ఉన్న పశువుకు ఏం వేస్తున్నామో కాటా వేసి చూసే మనిషి కూడా లేడు. పశువుల మీద మనం పెట్టే ఖర్చులో టీకాలకు ఉంది, సూదులకు ఉంది, సబ్సిడీ పశువు కొనిపించడానికి ఉంది. మేతకు వచ్చేసరికి నాలుగు గడ్డి విత్తనాల సంచులు పంచి ఫొటో దిగడంతో సరిపెడతారు. పాలు కొనే ప్రతి డెయిరీ తన రైతులకు ఖనిజ మిశ్రమం పాల బిల్లులో కోసుకుని ఇవ్వవచ్చు. నాలుగైదు ఊళ్లకు కలిపి దాణా లెక్క చెప్పే ఒక మనిషిని పెట్టుకోవచ్చు. వాతావరణం పేరుతో ఎక్కడినుంచైనా డబ్బు వస్తే మొదటి రూపాయి ఆ మనిషి జీతానికి పోవాలి.

ఎందుకంటే 2019లో ఆ పథకం అయిపోయాక మా కుర్రాడు రావడం మానేశాడు. ఇప్పుడు గుంటూరులో ఏదో కొరియర్ ఆఫీసులో చేస్తున్నాడట. అతను రాసిచ్చిన కాగితం చావిట్లో గుంజకు కొట్టిన మేకుకు ఇప్పటికీ వేలాడుతోంది, ప్లాస్టిక్ కవర్లో పెట్టింది అమ్మ. చెక్క ఒక కిలో, తవుడు రెండు కిలోలు. ఆ లెక్క అప్పుడున్న గేదెకు, దాని అప్పటి బరువుకు, దాని అప్పటి పాలకు. ఇప్పుడున్నది దాని పెయ్య.

మొన్న ఆదివారం పాలు పిండుతూ అమ్మ అడిగింది. "ఒరే అబ్బాయ్, వేరుశనగ చెక్క మరీ పిరమైపోయింది. దాని బదులు పత్తి చెక్క వేస్తే ఎంత వెయ్యాలో ఆ పిల్లాణ్ణి కనుక్కో."

ఫోన్ చేశాను. పాత నంబరు, పనిచేయడం లేదు.